ఫ్లెక్సీ మీది మనిషి, పక్క వీధి మనిషి: రోల్ మోడల్ ప్రభావం ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

పది, ప్లస్ టూ ఫలితాలు వచ్చే రోజుల్లో దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వీధుల్లో ఫ్లెక్సీలు లేస్తాయి. మధ్యలో ర్యాంకు వచ్చిన పిల్ల ఫొటో ఉంటుంది. చుట్టూ శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ ఫొటోలు, కొన్నిసార్లు అంతకన్నా పెద్దవి. సన్మాన సభలో ప్రతి వక్తా "ఈ అమ్మాయిని రోల్ మోడల్‌గా తీసుకోండి" అంటాడు. ఆమె దగ్గర ఏం తీసుకోవాలో మాత్రం చెప్పడు. అదే వారం టీ కొట్టు దగ్గర దీనికి ఎదురు మాట వినిపిస్తుంది: "ఈ కాలంలో పిల్లలకి చూపించడానికి ఒక్క మనిషైనా మిగిలాడా?"

పొగడ్త అయినా, నిట్టూర్పు అయినా రెండింటి వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే. గొప్పవాళ్ళను చూపిస్తే చూసినవాళ్ళు మారతారని. సామాజిక శాస్త్రవేత్తలు, మనస్తత్వవేత్తలు, ఈమధ్య ఆర్థికవేత్తలు కూడా ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. తేలింది అవుననీ కాదు, కాదనీ కాదు. ఎవరిని, ఎవరికి, ఎంత దగ్గరగా చూపించారన్నదాన్ని బట్టి ఫలితం తలకిందులవుతోంది.

ఎవరిని రోల్ మోడల్ అనాలి

ఈ మాటను ప్రచారంలోకి తెచ్చింది అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ కె. మెర్టన్. ఒక మనిషిలా నిలువెల్లా బతకాలనుకోవడం వేరు, ఆ మనిషి పోషించే ఏదో ఒక పాత్రలో మాత్రమే అతన్ని చూసి నడుచుకోవడం వేరు అన్నాడాయన. రోల్ మోడల్ అన్నది రెండోదానికే. బ్యాంకు మేనేజరు ముందు ఎలా మాట్లాడాలో పొదుపు సంఘం అధ్యక్షురాలిని చూసి నేర్చుకున్న కోడలు, పిల్లల పెంపకంలోనూ ఆవిడ దారే పట్టాలని ఏమీ లేదు.

ఈ తేడా పట్టుకుంటే చాలా గందరగోళం తీరిపోతుంది. మనం మెచ్చుకునేవాడు హీరో. పక్కన కూర్చుని దిద్దేవాడు గురువో, మార్గదర్శో. తాను చూపిస్తున్నానని తనకే తెలియకపోయినా, మరొకరికి నడక నేర్పేవాడు రోల్ మోడల్. ఒకే మనిషి ఒకరికి హీరోగా మిగిలిపోవచ్చు, మరొకరికి రోల్ మోడల్ కావచ్చు. 1894లో బరంపురంలో పుట్టిన వి.వి. గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆ ఊరి ప్లస్ టూ కుర్రాడికి అది గర్వపడే విషయం, అంతవరకే. అదే ఊళ్ళో లోడింగ్ కూలీల యూనియన్ పనులు చూసే కుర్రాడికి, రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపిన గిరి జీవితంలో పనికొచ్చే సంగతులు దొరుకుతాయి.

మోర్గెన్‌రోత్, రయన్, పీటర్స్ అనే ముగ్గురు పరిశోధకులు 2015లో రోల్ మోడల్ చేసే పనిని మూడుగా విడదీశారు: పని ఎలా చేయాలో చూపడం, అది మనలాంటివాళ్ళకు సాధ్యమేనని చూపడం, ఆ పని మీద ఆశ పుట్టించడం. ఒక్కరే మూడూ చేయడం అరుదు. ద్రౌపదీ ముర్ము జీవితాన్ని ఈ కొలతతో చూడండి. ఒడిశా సాగునీటి శాఖలో గుమాస్తా, తర్వాత రాయ్‌రంగ్‌పూర్‌లో టీచరు, 1997లో అక్కడే కౌన్సిలర్, 2000లో ఎమ్మెల్యే, 2015లో జార్ఖండ్ గవర్నర్, 2022లో రాష్ట్రపతి. రాయగడ, కోరాపుట్ ఆదివాసీ అమ్మాయికి "సాధ్యమే" అని చెప్పడానికి చివరి మెట్టు చాలు. "ఎలా" అని అడిగితే జవాబు 1997 దగ్గర ఉంది. ఆ మెట్టు ఆమె ఊళ్ళోనూ ఉంటుంది, వార్డు మెంబరు ఎన్నిక రూపంలో. సభల్లో మాత్రం చివరి మెట్టు గురించే మాట్లాడతారు.

చూడటానికీ చేయడానికీ మధ్య నాలుగు గడపలు

1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా 72 మంది చిన్న పిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. కొందరి ఎదుట ఒక పెద్దమనిషి గాలి నింపిన బొమ్మను కొట్టాడు, తన్నాడు, తిట్టాడు. కొందరి ఎదుట మౌనంగా తన పని చేసుకున్నాడు. కొందరికి ఎవరినీ చూపించలేదు. కొట్టడం చూసిన పిల్లలు తర్వాత ఆ దెబ్బలనూ ఆ తిట్లనూ అచ్చుగుద్దినట్టు దింపారు. ఎవరూ పాఠం చెప్పలేదు, బహుమతీ ఇవ్వలేదు.

ఇలా చూసి నేర్చుకోవడానికి బండూరా నాలుగు షరతులు చెప్పాడు: గమనించాలి, గుర్తుండాలి, చేయగలగాలి, చేయాలన్న కారణం ఉండాలి. గజపతి జిల్లాలో తెలుగు మాట్లాడే ఒక సరిహద్దు ఊరిని తీసుకుని ఈ నాలుగూ ఎక్కడ తెగిపోతాయో చూద్దాం. ఊళ్ళో ఒడిశా ప్రభుత్వ మహిళా సంఘాల పథకం మిషన్ శక్తి కింద నడిచే పొదుపు సంఘం ఉంది. లెక్కలన్నీ అధ్యక్షురాలు చూస్తుంది. పదోతరగతి పాసైన చిన్న కోడలు రేపు ఆ పని అందుకోవాలి.

మొదటిది గమనించడం. అధ్యక్షురాలు బ్యాంకుకి ఒంటరిగా వెళ్ళి వస్తే కోడలికి కనిపించేది చేతి సంచీ ఒక్కటే. ఇద్దరూ కలిసి వెళితే కౌంటరు దగ్గర జరిగేదంతా కళ్ళతో చూస్తుంది. పాస్‌బుక్కు, తీర్మానాల పుస్తకం ముందు పెట్టడం, అప్పు కోరిన తీర్మానం మీద ఎవరెవరి సంతకాలు ఉండాలో గుమాస్తా అడగడం, ఒక సంతకం తగ్గిందని వెనక్కి పంపడం. రెండోది గుర్తుండటం. అప్పు ఫారం ఏడాదికోసారి నింపితే వచ్చే ఏడాదికి మరిచిపోతుంది. నెలనెలా పొదుపు పద్దు తనే రాస్తే చెయ్యి అలవాటు పడుతుంది.

మూడో గడప దగ్గరే ఈ ప్రాంతంలో ఎక్కువమంది ఆగిపోతారు. ఫారం ఒడియాలో ఉంటుంది. ఆంధ్ర వైపు నుంచి కోడలిగా వచ్చిన అమ్మాయి తెలుగు మీడియంలో చదివింది. మనసులో ఎంత పట్టుదల ఉన్నా ఒడియా అక్షరాలు రాకపోతే ఆ ఆదర్శం చేతికి దిగదు. ఇక నాలుగోది, కారణం. వాయిదా ఎగ్గొట్టినవాళ్ళ ఇంటి ముందు అధ్యక్షురాలు మాటలు పడటం కోడలు చూసిందనుకోండి. పని మొత్తం నేర్చుకునే ఉంటుంది, ఆ కుర్చీలో మాత్రం కూర్చోదు.

నేర్చుకున్నవాళ్ళు చేసి చూపించకపోవడమన్న ఈ విషయాన్నే బండూరా 1965లో విడిగా పరీక్షించాడు. బొమ్మను కొట్టిన మనిషికి శిక్ష పడటం చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. చేసి చూపిస్తే బహుమతి ఇస్తామనగానే వాళ్ళూ మిగతావాళ్ళతో సమానంగా చేసి చూపించారు. అంటే నేర్వడంలో లోటు లేదు. తమకేం జరుగుతుందో లెక్కవేసుకుని ఆగారు. "మా ఊళ్ళో ఆడవాళ్ళకి చొరవ లేదండీ" అనేవాళ్ళు ఈ రెండో ప్రయోగాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఎత్తు ఎక్కువైతే వెలుగు తగ్గుతుంది

పెనెలొపీ లాక్‌వుడ్, జీవా కుందా 1997లో ప్రచురించిన అధ్యయనంలో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ చదివే విద్యార్థులకు ఒక పత్రికా కథనం చదివించారు. అందులో నాలుగో ఏడు చదువుతున్న ఒక మేటి విద్యార్థి విజయాలున్నాయి. మొదటి ఏడాది పిల్లలు చదివి తమ మీద తాము నమ్మకం పెంచుకున్నారు. నాలుగో ఏడాది పిల్లలకు ఆ ఊపు రాలేదు. మనిషి ఒకరే, కథనం ఒకటే. మొదటి ఏడాది వాళ్ళకు అందుకోవడానికి ఇంకా టైముంది, నాలుగో ఏడాది వాళ్ళకు అది అయిపోయింది.

ఆర్థికవేత్త దేబ్‌రాజ్ రే ఇదే విషయాన్ని పేదరికం వైపు నుంచి చూశాడు. మనిషి తన చుట్టూ, తనకు కాస్త పైన ఉన్నవాళ్ళను చూసే ఆశలు కట్టుకుంటాడు. ఉన్న స్థితికీ ఆశకీ మధ్య దూరం మరీ తక్కువైతే కదలాల్సిన పనిలేదు. మరీ ఎక్కువైతే కదిలినా ప్రయోజనం కనిపించదు. మధ్యస్థంగా ఉన్నప్పుడే కష్టపడటానికి అర్థం ఉంటుంది.

దీనికి మన పక్కనే ఒక ఉదాహరణ ఉంది. సరిహద్దుకు అవతల శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్ లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. పన్నెండేళ్ళ పిల్లకి 240 అన్న అంకె చెబితే నోరు తెరుస్తుంది. ఆ పిల్ల రేపు ఖాళీ బార్‌తో మొదలుపెట్టాలి. మహిళల పోటీ బార్ బరువే 15 కిలోలు. వ్యాయామశాలలో తనకన్నా రెండేళ్ళు పెద్దదై, జిల్లా పోటీకి ఎంపికై, మొన్నటిదాకా 30 దగ్గర తడబడి ఇప్పుడు 45 ఎత్తుతున్న అక్క ఆ పిల్లకు అందే మనిషి. మల్లీశ్వరి ఆశ పుట్టిస్తుంది, ఆ అక్క పని చూపిస్తుంది. ఒకరి పని ఇంకొకరు చేయలేరు కాబట్టే, పోస్టరు అంటించి వ్యాయామశాల మూసేసిన ఊరికి ఫలితం రాదు.

బెంగాల్ పంచాయతీలు చెప్పిన సంగతి

"ఇవన్నీ ప్రయోగశాల ముచ్చట్లు, ఊళ్ళలో సాగవు" అనేవాళ్ళకు మన దేశం నుంచే గట్టి ఆధారం ఉంది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చాక పంచాయతీ అధ్యక్ష పదవుల్లో మూడో వంతు స్త్రీలకు కేటాయించారు. పశ్చిమ బెంగాల్‌లో ఏ పంచాయతీ రిజర్వు కావాలన్నది యాదృచ్ఛికంగా తేలుతుంది. అంటే మహిళా ప్రధాన్ (పంచాయతీ అధ్యక్షురాలు) ఉన్న ఊళ్ళకూ లేని ఊళ్ళకూ ముందునుంచి తేడా ఉందన్న సందేహానికి చోటు లేదు. లోరీ బీమన్, ఎస్తేర్ డఫ్లో, రోహిణీ పాండే, పెటియా టొపలోవా బీర్‌భూమ్ జిల్లాలో 495 గ్రామాల్లో సర్వే చేసి 2012లో ఫలితాలు ప్రకటించారు.

వరసగా రెండు దఫాలు మహిళా ప్రధాన్ ఉన్న ఊళ్ళలో 11 నుంచి 15 ఏళ్ళ పిల్లల ఆశల్లో ఆడా మగా తేడా 32 శాతం తగ్గింది. చదువులో తేడా చెరిగిపోయింది. ఆడపిల్లలు ఇంటి చాకిరీకి వెచ్చించే సమయం కూడా తగ్గింది. ఆ ఊళ్ళలో యువతులకు కొత్త ఉద్యోగాలేవీ పుట్టిన జాడ లేదు. అందుకే, మారింది ఒక స్త్రీ పదవిలో ఉండటాన్ని కళ్ళారా చూడటం వల్లేనని పరిశోధకులు తేల్చారు.

ఇందులో "రెండు దఫాలు" అన్నది ముఖ్యం. ఐదేళ్ళ ముచ్చటగా వచ్చి పోయిన పదవిని ఊరు మినహాయింపు కిందే జమకడుతుంది. పదేళ్ళు చూస్తే మామూలు సంగతి అవుతుంది.

ఒడిశా 2011లో చట్టం మార్చి పంచాయతీల్లో సగం స్థానాలు స్త్రీలకు ఇచ్చింది. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి షెడ్యూల్డ్ ప్రాంతాలు కాబట్టి అక్కడ సర్పంచ్ పదవి ఆదివాసీలదే. కాగితం మీద చూస్తే సర్వే నాటి బీర్‌భూమ్ కన్నా మెరుగు. కానీ బోర్డు మీద భార్య పేరు, కుర్చీలో భర్త ఉన్న పంచాయతీ ఆఫీసుకి రేషన్ కార్డు పనిమీద తండ్రితో వెళ్ళిన ఆడపిల్ల ఏం చూస్తుంది? ఆమె కూడా చూసే నేర్చుకుంటుంది. సంతకం ఒకరిది, మాట ఇంకొకరిదని నేర్చుకుంటుంది. రోల్ మోడల్ ప్రభావానికి మంచీ చెడూ తెలియదు. కంటిముందు ఏది నడుస్తుంటే అదే ఎక్కుతుంది.

అసలు మనిషి కావాలా, సమాచారం చాలదా

ఇక్కడ నిజమైన వాదం ఉంది. మడగాస్కర్‌లో ట్రాంగ్ న్గుయెన్ 640 ప్రాథమిక పాఠశాలల్లో చేసిన ప్రయోగం ఇరుపక్షాలకూ కొంత బలం ఇస్తుంది. కొన్ని బడుల్లో చదువుకుంటే సగటు ఆదాయం ఎంత పెరుగుతుందో తల్లిదండ్రులకు లెక్కలు చెప్పారు. కొన్నింట్లో చదివి పైకొచ్చిన స్థానికుణ్ణి తీసుకొచ్చి మాట్లాడించారు. పేద కుటుంబం నుంచి వచ్చినవాడు మాట్లాడిన చోట పిల్లల మార్కులు పెరిగాయి. ఉన్న కుటుంబంవాడు మాట్లాడిన చోట మార్పు లేదు. అయితే ఉత్త లెక్కలు చెప్పిన చోట కూడా మార్కులు ఇంచుమించు అంతే పెరిగాయి. వేదిక, శాలువా, మెమెంటో ఏవీ లేకుండానే.

దీన్ని బట్టి ఒక వర్గం, మనుషుల్ని వెతకడం మాని సమాచారం ఇవ్వండి అంటుంది. రెండో వర్గం దగ్గరా ఆధారం ఉంది. అమెరికాలో సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయంలో కేథరిన్ పోర్టర్, డనీలా సెర్రా కొన్ని ఆర్థికశాస్త్ర తరగతులకు ఇద్దరు పూర్వ విద్యార్థినుల్ని పావుగంట చొప్పున మాట్లాడటానికి పంపారు. ఆ తరగతుల్లో అమ్మాయిలు ఆర్థికశాస్త్రాన్ని ప్రధాన సబ్జెక్టుగా ఎంచుకోవడం 8 శాతం పాయింట్లు పెరిగింది. అంతకుముందు ఎంచుకునేవాళ్ళే 9 శాతం. అబ్బాయిల్లో మార్పు లేదు. ఆ వక్తల ఎంపికలో అక్కడ చదువుతున్న అమ్మాయిల మాటకు విలువిచ్చారన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, కిటుకు బహుశా అక్కడే ఉంది. మన సభల్లో ముఖ్య అతిథిని ఎంచేది కమిటీ, వినేది పిల్లలు.

మూడో వర్గం ఇద్దరినీ తప్పుపడుతుంది. హాస్టల్ సీటు, వేళకి బస్సు, లెక్కల టీచరు లేని ఊరికి ఆదర్శాలు చెప్పడమంటే వైఫల్యాన్ని పిల్లల నెత్తిన వేయడమేనని వాళ్ళ వాదం. "వాడు చదవలేదా? నీకేం వచ్చింది?" అన్న మాట ఎన్ని ఇళ్ళలో వినలేదు! ఈ అభ్యంతరంలో చాలా న్యాయం ఉంది. బీర్‌భూమ్ ఫలితం దీన్ని పూర్తిగా ఒప్పుకోదు. అలాగని కొట్టివేయదు కూడా. అక్కడ ఆశ పెరిగినప్పుడు చేరడానికి బడి ఉంది.

కనిపించేవాళ్ళు, కనిపించనివాళ్ళు

గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్ళడం దశాబ్దాల అలవాటు. ఊళ్ళో కుర్రాళ్ళకు ఆ దారి చూపేది పోస్టరు కాదు, పండక్కి వచ్చిన పక్కింటి అన్న. బరంపురం ఠాకురాణీ యాత్రకు కొత్త ఫోను, కొత్త బండితో దిగిన మనిషి. దగ్గరివాడు, మనలాంటివాడు, దారి తెలిసినవాడు. ఇప్పటిదాకా చెప్పిన కొలతలన్నింటికీ సరిపోయే రోల్ మోడల్. చిక్కు ఏమిటంటే, ఈ కొలతల్లో నిజం ఎంతన్నది లేదు.

ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక ఊరి నుంచి 40 మంది వెళ్ళారు. 8 మంది బాగా మిగుల్చుకున్నారు, 20 మంది తిండికీ గదికీ పోను కొద్దిగా పంపుతున్నారు, 12 మంది అప్పుల్లోనో జబ్బుతోనో ఉన్నారు. పండక్కి రైలు టికెట్టు, బట్టలు, చేతి ఖర్చు పెట్టుకోగలిగింది మొదటి 8 మంది, రెండో గుంపులో ఓ 6 మంది. ఊరి కంటికి కనిపించింది 14 మంది, అందులో 8 మంది గెలిచినవాళ్ళు. కుర్రాడి బుర్రలో పడే అంకె సగానికి పైమాటే. అసలు అంకె ఐదింట ఒకటి. పన్నెండు గంటల షిఫ్టు, నేసిన మీటరుకి ఇంత అన్న కూలి లెక్క, మగ్గాల హోరులో మందగించే చెవి బండి మీద కూర్చుని తీసిన ఫొటోలో పడవు.

2020 లాక్‌డౌన్‌లో సూరత్ నుంచి గంజాంకు జనం ఒక్కసారిగా తిరిగొచ్చినప్పుడు, పండగలకి రానివాళ్ళు కూడా ఊరికి కనిపించారు. పత్రికల్లో వచ్చే విజయగాథలకూ, కోచింగ్ సెంటర్ల ప్రకటనలకూ ఇదే లోపం. ర్యాంకు వచ్చినవాళ్ళ ఫొటోలు పక్కపక్కన వేస్తారు. చేరినవాళ్ళు ఎందరో కింద వేయరు.

భారం మోసేవాళ్ళు

రోల్ మోడల్ అని పిలిపించుకున్న మనిషి సంగతి ఎవరూ అడగరు. ఊళ్ళో మొదటి నర్సు, మొదటి మహిళా కానిస్టేబుల్ తప్పు చేస్తే ఆ తప్పు ఆమె ఒక్కదానిది కాదు, "ఆడపిల్లల్ని పంపితే ఇంతే" అన్న తీర్పుకి సాక్ష్యం. ఇద్దరు ముగ్గురు ఉంటే ఆ బరువు పంచుకుపోతుంది. అందుకే ఒక్కరినే ఎత్తి చూపడం కన్నా, నలుగురిని మామూలుగా చూపడం మేలని పరిశోధకులు చాలామంది అంటారు.

గుర్తుపెట్టుకోవడంలోనూ మనం మనిషిని కుదించేస్తాం. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరి నోటా వినిపిస్తుంది. అదే ఊళ్ళో ఉంటూ కొండమీది సవరల భాష నేర్చి, 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువరించిన ఓపిక మీద ఉపన్యాసాలు తక్కువ. గుణుపురం, గజపతి కొండల్లో సవర పిల్లలకు పాఠం చెప్పే తెలుగు టీచరుకి ఆయన జీవితంలో రోజూ పనికొచ్చే భాగం ఆ రెండోదే.

సరిహద్దు ఊళ్ళ ప్రత్యేక చిక్కు

పర్లాకిమిడికీ ఆంధ్రలోని పాతపట్నానికీ మధ్య దూరం పెద్దదేం కాదు. చుట్టరికాలు అటూ ఇటూ ఉన్నాయి. కాబట్టి పర్లాకిమిడి అమ్మాయికి సహజంగా కనిపించే ఆదర్శం పాతపట్నంలో ఉండే పెద్దమ్మ కూతురు. అక్క ఇంజనీరింగ్ చదివి విశాఖలో ఉద్యోగం చేస్తోంది. భాష ఒకటే, ఇంటి పరిస్థితీ ఒకటే, వయసు తేడా ఐదేళ్ళు. పైకి చూస్తే ఇంతకన్నా దగ్గరి రోల్ మోడల్ దొరకదు.

దారి మాత్రం ఒకటి కాదు. అక్క ఇంటర్ చదివి ఆంధ్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఏపీ ఈఏపీసెట్ రాసింది. అక్కడ కన్వీనరు కోటాలో చాలా సీట్లు స్థానికులవి, స్థానికత అనేది ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి తేలుతుంది. చెల్లి ప్లస్ టూ చదువుతోంది, ఆమె స్థానికురాలయ్యేది ఒడిశాలో. అక్కడ బీటెక్‌కి జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఓజేఈఈ అనే రాష్ట్ర కౌన్సెలింగ్. కులాల జాబితాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి కాబట్టి అక్కకు వర్తించిన రిజర్వేషన్ చెల్లికి వర్తించకపోవచ్చు. రేపు ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే ఒడియా చదవడం, రాయడం వచ్చి ఉండాలి. అక్కకు ఆ అవసరమే రాలేదు.

ఈ తేడా తెలియకుండా అక్క అడుగుల్లో అడుగు వేస్తే, ప్లస్ టూ రెండో ఏట ఈఏపీసెట్ పుస్తకాలు కొని, అర్హత ఉంటే స్థానికేతరుల కింద మిగిలిన కొద్ది సీట్లకు పోటీ పడి, సీటు రాకపోతే "నాకు తెలివి లేదు" అనుకుంటుంది. నిజానికి తప్పింది తెలివి కాదు, నిచ్చెన. లెక్కలు రోజుకెన్ని చేయాలో, ఫిజిక్స్‌లో భయం ఎలా పోగొట్టుకోవాలో అక్క చెప్పగలదు. నివాస ధ్రువపత్రానికి తహసీల్ ఆఫీసులో ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో, కౌన్సెలింగ్‌లో ఏ రౌండులో సీటు ఖాయం చేసుకోవాలో మాత్రం చెల్లి చదివే ప్లస్ టూ కాలేజీలోనే చదివి బరంపురంలో పరలా మహారాజా ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన సీనియరుని అడగాల్సిందే.